కేల్ అను పదము – కూరమడి కథలు

స్కాట్లండు దేశీయులకు కేల్ అనునది కోసుజాతి యాకుకూర. ఈ పదమునకు మూలము లాటిను భాషలోని కౌలిస్. కౌలిస్ అనగా కాడ. కోసుమొక్కకు నదియే పేరు. ఇంగ్లీషు, డచ్చి, జర్మను భాషలలోని కోల్ అను మాటలును ఈ కుదురుననే మొలచినవి. మన యంగళ్లలో నమ్మెడి నూల్‌కోల్ సైతము డచ్చివారి మాటయే. క్నోల్ అనగా గడ్డ.

స్కాట్లండులో నీ మాట యాకుకడ నాగలేదు. ఆ యాకు వేసి కాచిన జావయు కేల్ అయ్యెను. బీదల నిత్యాహార మా జావయే యగుటచే తుదకు భోజనమునకే యా పేరు వచ్చెను. మన కూర యను మాటయు పచ్చి యాకునకును వండిన వంటకమునకును జెల్లుచున్నది గదా! ఇక పెరటి కూరమడి కేల్‌యార్డు. ఇంతమందికి కడుపు నింపిన మాట సాహిత్యములో తిట్టయినది.

1895లో జె. హెచ్. మిల్లర్ అను విమర్శకుడు బారీ, క్రాకెట్, ఇయన్ మెక్లారెన్ అనువారి పల్లెకథలను కేల్‌యార్డు రచనలని యెకసక్కెమాడెను. 1894లో వెలువడిన మెక్లారెన్ కథాసంపుటి మొదట నుంచిన పాటలో నీ మాట యుండుటయే యందుకు సందు.

ఆ సంపుటిలోని మొదటి కథను జూడుడు. తెలివిగల బీద బాలుడు జార్జి హౌ. వానిని విశ్వవిద్యాలయమునకు బంపవలెనని ముసలి యుపాధ్యాయుడు కలిగిన రైతు నొకని నాశ్రయించును. రైతు మొదట కాదనును, పిమ్మట నిచ్చును. బాలుడు బహుమానములు గెలిచి, యింటికి వచ్చి మరణించును. చదువునపుడు మాకును కన్ను చెమర్చినది, దాచనేల? కాని బీదవాని చదువు కలవాని మనసు కరగుటపై నేల వ్రేలాడవలెనను ప్రశ్న గ్రంథకర్తకు దోచలేదు. దయగల దాత దొరికెను గనుక కథ నడచెను. దొరకని పిల్లల మాటయేమి? ఆ కాలముననే గ్లాస్గో నగరపు టిరుకు గదులలో వేలకొలది కూలికుటుంబములు క్రిక్కిరిసి యుండెను. ఆ ధ్వని యీ పుటలలో వినబడదు.

కావున మిల్లర్ చూపిన దోషము నిజమే. పెట్టిన పేరు మాత్రము మాకు సమ్మతము గాదు. ఈ కథల లోపము కూరమడి యుండుట గాదు, ఆ మడి చాలని యింట కుండలో నేమి యుడుకుచున్నదో చూపకుండుట. బీదల కూరను వెక్కిరించినందున నా లోపము బయటపడదు.

1901లో జార్జి డగ్లస్ బ్రౌన్ తన 'ఆకుపచ్చ తలుపుల యిల్లు' అను నవలలో చిన్నయూరి యసూయను, ధనాశను నిర్దయగా జూపెను. మెక్లారెన్ పంచదారకు విరుగుడుగా నీ చేదు పనికివచ్చును. అయినను ఆ యూరిలో నొక్క పూటయైన నెమ్మదిగా కేల్ త్రాగిన సంసారము లేకుండునా యని మా సందేహము.