క్యాప్ కింద తారీఖు

సైనిక్‌పురిలో పంటి వైద్యం మీద ఫిర్యాదు వేద్దామని నా దగ్గరికి వచ్చేవాళ్లలో రిటైరైన ఫౌజీలే ఎక్కువ. బిల్లులు, ఎక్స్‌రేలు వరుసగా కుట్టిన ఫైలు తెస్తారు. నొప్పి సంగతి ఎత్తుకోగానే ఆపి, "సార్, ముందు తారీఖులు చెప్పండి" అంటాను. కటువుగా వినిపిస్తుందని తెలుసు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో 69వ సెక్షన్ ఉంది మరి: ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌లో వేయాలి. గడువు దాటిందని అవతలి పక్షం అనకపోయినా కమిషనే చూసుకోవాలి.

ఆ కారణం పుట్టిందెప్పుడన్నదే పంటి కేసుల్లో చిక్కు. రూట్ కెనాల్ చేస్తుంటే ఫైలు అనే సన్నటి పరికరం ముక్క విరిగి వేరులో ఉండిపోతుంది. విరిగినంత మాత్రాన నిర్లక్ష్యం కాదు. కానీ చెప్పకుండా పైన క్యాప్ బిగిస్తే? మూడేళ్లకు చిగురు వాచి, ఇంకో క్లినిక్‌లో ఎక్స్‌రే తీసినప్పుడు గానీ ఆ ముక్క కనబడదు.

శ్రీఖండే అనే సర్జన్ మీద ఒక రోగి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2010లో దీనికి దారి చెప్పింది. హాని పైకి కనబడితే చికిత్స రోజు నుంచే లెక్క. లోపల దాగి ఉంటే, శ్రద్ధగల మనిషి తెలుసుకోగలిగిన రోజు నుంచి. అలా చెప్పిన కోర్టే ఆ రోగికి తలుపు మూసింది. 1993లో పిత్తాశయం ఆపరేషన్‌లో కడుపులో గాజుగుడ్డ ఉండిపోయిందని 2002లో బయటపడింది, ఫిర్యాదు 2004లో వేశారు. ఇన్నేళ్లు నొప్పి పడుతూ, పైగా నర్సు అయ్యుండి, ఆ సర్జన్‌నే ఎందుకు అడగలేదన్నది కోర్టు ప్రశ్న. నాకది కఠినంగానే అనిపిస్తుంది. రోగి రెండేళ్లలో కదలాలి గానీ, న్యాయానికి అంత తొందరుండదు! నిమ్స్ ఆసుపత్రిలో 1990 నాటి ఆపరేషన్‌తో కాళ్లు చచ్చుబడ్డ ప్రశాంత్ ధనంక 1993లో ఫిర్యాదు చేస్తే, సుప్రీంకోర్టు కోటి రూపాయల పరిహారం ఇప్పించింది 2009లో.

మా కాలనీలో గడువు మింగేది మొహమాటం. "మన డాక్టరే కదా, వచ్చే నెల చూస్తానన్నాడు" అంటూ ఏడాది గడుస్తుంది. తర్వాత లాయర్ నోటీసు. నోటీసులు ఎన్ని పంపినా గడియారం ఆగదు. ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు, తగిన కారణం చూపిస్తే. "మనవరాలి పెళ్లి" లాంటివి నిలబడవు.

డబ్బిచ్చి చేయించుకున్న వైద్యమైతే మనం ఉండే చోటే వేయొచ్చు, చెల్లించింది అయిదు లక్షల లోపైతే ఫీజూ లేదు. ఇక తేల్చుకోవాల్సింది తారీఖే. అందుకే రెండో డెంటిస్ట్ దగ్గరికి మళ్లీ పంపుతాను: ఎక్స్‌రేలో ఏం కనబడిందో, ఏ రోజు కనబడిందో రాసి సంతకం పెట్టించుకు రమ్మని.