పురుగుమందుల శేషములు – డి.ఎన్.ఏ. పరీక్ష: ఒక విమర్శ

బెండకాయను కడిగి, తరిగి వండు ఇల్లాలికి దానిపై మిగిలిన పురుగుమందు కంటికి కానరాదు. ప్రత్యేక పరిమితి నిర్ణయింపబడని మందునకు మన ఆహార నిబంధనలు సాధారణముగా విధించు హద్దు కిలోకు 0.01 మిల్లీగ్రాము, అనగా పదికోట్ల పాళ్లలో ఒక పాలు. ఇంత స్వల్పమును నిర్ధారించుటకు ఖరీదైన ప్రయోగశాల కావలెను. చిన్న డి.ఎన్.ఏ. పోగుతో పొలముగట్టుననే ఈ పని ముగియునను ప్రచారము ఇటీవల హెచ్చినది. అది ఎంతవరకు నమ్మదగినది?

ఇందలి ఊహ చక్కనిదే. ఒకానొక పదార్థమునకే అంటుకొను న్యూక్లియిక్ ఆమ్లపు పోగులను కోట్లకొలది పోగులనుండి ఏరు ఉపాయమును 1990లో అమెరికాలో రెండు బృందములు కనుగొన్నవి. ఇట్టి పోగునకు ‘ఆప్టమర్’ అని పేరు. అది విషపు అణువును చుట్టి మడతపడును. ఆ మార్పు రంగుగానో, విద్యుత్ సంకేతముగానో బయటపడును. ప్రొఫెనోఫాస్, ఫోరేట్ వంటి మందులకు ఇట్టి పోగులు సిద్ధమైనవి. ఎంజైములవలె డి.ఎన్.ఏ. వేడికి త్వరగా చెడదు.

అయితే లోపములు రెండు కలవు. శుద్ధజలమున చక్కగా పనిచేయు పోగు, కూరగాయ రసములోని లవణములు, ఆమ్లముల నడుమ తడబడవచ్చును. రెండవది ఇంకను ముఖ్యము: ఒక పోగు తానెరిగిన విషమునే పట్టును.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ వేరుసెనగలోని అఫ్లటాక్సినును పట్టుటకు చౌకయైన ఎలీసా పరీక్షను రూపొందించినది. అచ్చట వెదకవలసిన విషమేదో ముందే తెలియును. ఆ ఊరి ప్రక్కనే పారు నక్కవాగు సంగతి అట్టిది కాదు. కర్మాగారముల వ్యర్థజలము ఈ వాగుద్వారా మంజీరవైపు సాగినది. ఈ కాలుష్యముపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యము దాఖలైనది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లార్సన్ బృందము, ఇచ్చటి సామూహిక శుద్ధికేంద్రమునుండి వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాములవరకు సిప్రోఫ్లాక్ససిన్ ఉన్నట్లు ప్రకటించినది. ఇది పురుగుమందు కాదు, మనుష్యులకిచ్చు ఔషధము. ప్రొఫెనోఫాసును వెదకు పోగు దీనిని చూడనే చూడదు.

కనుక “విషము లేదు” అని పరికరము పలికినచో, “నేను వెదకిన విషము లేదు” అనియే గ్రహింపవలెను. “ఉన్నది” అని పలికినను, ప్రయోగశాల నిర్ధారింపకముందే రైతు పంటను త్రోసివేయుట అన్యాయము. ఈ పరీక్ష వాకిట కావలివానిగా ఉండదగును. న్యాయాధిపతి పీఠమున కూర్చుండదగదు.