పేజీలో పట్టని చందమామ

"లైబ్రరీలో గోళీలాటలేమిటండీ? మీరైనా రాయండి" అని ఓ పాఠక మిత్రుడు ఈ వారం ఉత్తరం రాశారు. నా సంగతి మీకు తెలిసిందే. లైబ్రరీ అంటే నాకు పుస్తకం, బల్ల, ఫ్యాను, నిశ్శబ్దం. ఆయన తరఫున వకాల్తా పుచ్చుకుందామనే మా శాఖా గ్రంథాలయానికి బయల్దేరాను.

అక్కడ పిల్లల వేసవి శిబిరం. పళ్ళెంలో మైదా, దానిమీద పల్చగా రాగిపిండి. పైనుంచి గోళీ వదిలితే గుంట పడుతోంది, చుట్టూ గట్టు లేస్తోంది, తెల్లటి చారలు చిమ్ముతున్నాయి. చంద్రుడి మీద టైకో బిలం చుట్టూ కనిపించే చారలూ ఇలా చిమ్మినవే. బాగానే ఉంది గానీ, ఇదంతా ఇంట్లోనూ చేసుకోవచ్చు, అమ్మ చూడకపోతే.

ఆ తర్వాత లైబ్రేరియన్ అమ్మాయి ఫుట్‌బాల్ తెచ్చి బల్లమీద పెట్టి, "ఇది భూమి" అంది. టెన్నిస్ బంతి ఓ పిల్ల చేతికిచ్చి, "ఇది చంద్రుడు. ఎంత దూరంలో ఉంటాడో అక్కడ నిలబడు" అంది. ఆ పిల్ల జానెడు దూరంలో ఆగింది. పేపరు చదువుకుంటున్న రిటైర్డ్ మాస్టారొకరు కళ్ళజోడు సర్దుకుని, "ఇంకాస్త జరుగమ్మా" అని మూడడుగులు జరిపించారు. అప్పుడు నూలు తాడు తీసి ఫుట్‌బాల్‌కి తొమ్మిదిన్నర చుట్లు చుట్టి, విప్పి సాగదీశారు. తాడు పేపర్ల బల్ల దాటింది, పత్రికల స్టాండు దాటింది, గుమ్మం దగ్గర ఆగింది. దాదాపు 22 అడుగులు. ముప్పై ఫుట్‌బాళ్ళు వరసగా పేర్చినంత.

"బోర్డు మీద జానెడు దూరంలోనే గీసేవాళ్ళం" అన్నారు మాస్టారు.

గీయక ఏం చేస్తారు? భూమిని సెంటీమీటరు చుక్కగా వేసినా చంద్రుడు 30 సెంటీమీటర్ల అవతలుండాలి. ఏ పాఠ్యపుస్తకం పేజీకి అంత వెడల్పుంటుంది? అందుకే దగ్గరికి లాగి అచ్చేస్తారు. ఆ బొమ్మ చూసిన పిల్లలు ప్రతి పున్నమికీ గ్రహణం ఎందుకు పట్టదని అడుగుతారు. చంద్రుడి కక్ష్య వాలు 5 డిగ్రీల చిల్లరే. కానీ 22 అడుగుల తాడు చివర అదే దాదాపు రెండడుగుల ఎత్తు. ఫుట్‌బాల్ నీడ కన్నా పైనుంచో కిందనుంచో టెన్నిస్ బంతి చాలాసార్లు తప్పించుకుపోతుంది. తాడు పట్టుకున్న పిల్లకి ఇది చెప్పనక్కర్లేకపోయింది. అక్షరానికి ఎంత వకాల్తా పుచ్చుకున్నా, ఈ పని కాగితం వల్ల కాదు.

1935లో పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పుస్తకాల పడవ నడిపించినప్పుడు, పడవలో గ్రంథాలయమేమిటని ఎవరో ఒకరు గొణిగే ఉంటారు. ఆ గొణిగే జాతిలో నేనూ ఒకణ్ణి కాబట్టి చెప్పగలను.

ఉత్తరం రాసిన మిత్రుడు పేపరు వరండాలో చదువుకోవచ్చు, గాలి కూడా అక్కడే బాగుంది. 22 అడుగుల చోటు మాత్రం హాల్లోనే ఉంది.

ఇక సూర్యుడు. ఈ లెక్కన ఎనిమిదంతస్తుల మేడంత బంతి, రెండున్నర కిలోమీటర్ల అవతల. రైల్వే గేటు దగ్గరకొస్తుందని మాస్టారు, కాదు రైసుమిల్లు దాటాలని ఇంకో పెద్దాయన. పిల్లలు ఇంటికెళ్ళిపోయినా వాదన తెగలేదు.

మైదా, నూలు, బంతులు ఆ అమ్మాయి తన జేబులోంచే కొన్నదట. ఇంటి పన్నుతో పాటు మనం కట్టే గ్రంథాలయ సెస్సు గురించి మళ్ళీ ఎత్తుకుంటే మీరు పేజీ తిప్పేస్తారు. వచ్చే వారం ఎత్తుకుంటాను.