అవ్వ కుట్టిన కాగితాలు

జమ్మలమడుగులో మా అవ్వ దగ్గర ముగ్గుల పుస్తకం ఒకటి ఉండేది. అంగడిలో కొన్నది కాదు. మామ వాడగా మిగిలిన లెక్కల నోటు కాగితాలు, పాత క్యాలెండరు షీట్లు, ప్రొద్దుటూరు బంగారు అంగడిలో కమ్మలు చుట్టిచ్చిన గులాబీరంగు కాగితం అన్నీ కలిపి దబ్బనంతో కుట్టుకుంది. ధనుర్మాసం వస్తే పెట్టె అడుగు నుంచి బయటికి తీసేది.

వాటిని వాకిట్లో ముగ్గుకు చిత్తుప్రతులు అనుకుంటాం. నాకు మాత్రం అవి బొమ్మలే. చెట్టూ పిట్టా ఏమీ లేకుండా, చుక్కతో గీతతో నడిచే నైరూప్య చిత్రాలు.

పేజీ తలమీద "15 చుక్కలు, 8 వరకు సందు చుక్క" అని ఉంటుంది. నడిమి వరుసలో 15 పెట్టాలి. పైకీ కిందికీ, రెండు చుక్కల సందున ఒకటి చొప్పున పెట్టుకుంటూ పోతే వరుసకొకటి తగ్గుతుంది. 8 దగ్గర ఆపితే మొత్తం 169. సరి చుక్కయితే చుక్క కింద చుక్కే. ఒక్కటి పక్కకు జరిగినా చివర్లో గీత కలవదు.

అసలు పని మెలికల ముగ్గులో ఉంది. గీత చుక్కను తాకకుండా చుట్టి, తనను తానే దాటుకుంటూ బయల్దేరిన చోటికి రావాలి. అంచుల్లో మాత్రమే మలుపు తిప్పితే, 5 వరుసల్లో నాలుగేసి చుక్కలకు ఒకే గీత సరిపోతుంది. 4 వరుసల్లో ఆరేసి పెడితే మాత్రం రెండు గీతలు కావాలి. ఆ రెండు అంకెల గ.సా.భా. ఎంతో గీతలు అన్ని. అవ్వకు గ.సా.భా. తెలియదు. కానీ ఆ నాలుగు-ఆరు పేజీలో ఒక గీత నీలం పెన్నుతో, రెండోది ఎర్ర పెన్నుతో ఉంది. 1974లో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ ఇలాంటి ముగ్గులకు గణిత వ్యాకరణం రాసి మద్రాసు నుంచి పరిశోధన పత్రం వెలువరించారు. అంగోలాలో చోక్వే జనం కథ చెబుతూ ఇసుకలో చుక్కల చుట్టూ ఇలాగే గీత తిప్పుతారు.

నేల మీద ఒళ్లంతా వంగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి జారవిడుస్తాం. తప్పు పోతే చేత్తో తుడిచేస్తాం. నల్లటి నాపరాళ్ల మీద ఎంత బాగా తేలినా మధ్యాహ్నానికి కాళ్ల కింద చెదిరిపోతుంది. కాగితం మీద మణికట్టే తిరుగుతుంది, చేయి అందని చోట కాగితాన్నే తిప్పుకుంటాం. అవ్వ కొట్టివేసిన మలుపులు, మళ్లీ దిద్దిన చోట్లు అన్నీ అలాగే ఉన్నాయి. ఆమె ఎలా ఆలోచించిందో నాకు కనిపించేది అక్కడే. ఫోన్లలో తిరిగే ముగ్గుల ఫొటోల్లో ఇవేవీ ఉండవు, చుక్కల లెక్క కూడా రంగుల కింద మునిగిపోతుంది.

పులివెందులలో ఉండే మా చిన్నమ్మ కూతురు పోయిన సంక్రాంతికి ఆ పుస్తకాన్ని ఫొటో తీయలేదు. గళ్ల నోటు తెచ్చుకుని పేజీ తర్వాత పేజీ చేత్తో ఎక్కించింది. నాలుగు-ఆరు పేజీ దగ్గర నీలం గీత మొదటికొచ్చి కలవగానే, అవ్వ పుస్తకం వైపు చూడకుండానే ఎర్ర పెన్ను అందుకుంది.