కిన్నెర మెట్లు – కథాగేయ పాఠము

పాలమూరు సీమలోని గద్వాల, వనపర్తి సంస్థానములు పండితాదరమునకు పేరొందినవి. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ యను ప్రసిద్ధియే కలదు. తెలంగాణమునందలి కవుల పేరులు గ్రంథస్థమగుటకు సురవరము ప్రతాపరెడ్డిగారి ‘గోలకొండ కవుల సంచిక’ (1934) మిక్కిలి తోడ్పడినది. అందు 354 మంది కవులు కలరు. అదే సీమలో నల్లమల యంచు పల్లెలలో కిన్నెర మీటుచు పండుగ సాయన్న కథను, మియాసాబు కథను పాడుచు వచ్చిన డక్కలివారు అట్టి సంచికలకు ఎక్కినవారు కారు. అది ఆ కాలపు దృష్టి. దానిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. జానపద వాఙ్మయ పరిశోధన బలపడిన పిమ్మట మనమైనను వారి పాటను సరిగా వింటిమా యనునదే యిచట ప్రశ్న.

ఆచార్య బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపదగేయ సాహిత్యము’ (1958) జానపదగేయమునకు విశ్వవిద్యాలయమున పీట వేసినది. ఆ బాటను నడచిన మనబోంట్లము మాత్రము గేయమనగా కాగితముపైకి దిగిన మాటలే యను తలంపునకు అలవాటుపడితిమి. మేమును మా తొలి సేకరణమున సాయన్న పాటను వ్రాసికొనునపుడు మరల మరల వచ్చిన పాదములను పునరుక్తులని కొట్టివేసితిమి. వాద్యమునుగూర్చి ‘కిన్నెరతో పాడుదురు’ అని యొక్క వాక్యము చేర్చి ఊరకుంటిమి.

కిన్నెర సామాన్యమైన తోడువాద్యము కాదు. వెదురుదండము, దాని క్రింద ఎండిన సొరకాయ బుఱ్ఱలు, పైన మైనముతో నిలిపిన మెట్లు, తంతులు: ఇంతమాత్రమే దాని శరీరము. 13వ శతాబ్దినాటి శార్ఙ్గదేవుని ‘సంగీతరత్నాకరము’ కిన్నరీవీణా భేదములను వర్ణించినది. పాలకురికి సోమనాథుని ‘బసవపురాణము’లో కిన్నర బ్రహ్మయ్య యను భక్తునకు వాద్యమే యింటిపేరైనది. శాస్త్రమునను భక్తికథలలోను చోటుగన్న యీ వాద్యము, మాదిగలకు ఆశ్రితులై వారికి జాంబపురాణము వినిపించు డక్కలివారి చేతిలో నేటికిని నిలిచినది.

నిజాము పాలనలో ధనికులను దోచి పేదలకు పంచినవాడుగా సాయన్నను పాట కీర్తించును. ఈ కథను కాగితముపై చదివినవారికి నడక మందముగా తోచును. ఒకే పాదము, ఒకే పిలుపు మరల మరల వచ్చును. విన్నవారికి అట్లు తోచదు. గొంతు పలికిన వరుసను కిన్నెర వెన్నంటి పలుకును; ఆ వ్యవధిలో శ్రోత విన్నదానిని తలపోసికొనును, గాయకుడు రాబోవు ఘట్టమును కూర్చుకొనును. కావ్యదోషముల పట్టికతో కొలువదగినది కాదీ పునరుక్తి. అది వాద్యమునకు విడిచిన చోటు.

ఇట్టి పొరపాటు మనకే పరిమితము కాదు. అమెరికాలో ఆచార్య ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ 305 కథాగేయములను 1882–98 నడుమ ప్రకటించెను. అవి ప్రధానముగా మాటల పాఠములు. వాని వరుసలను బ్రాన్సన్ నాలుగు సంపుటములుగా వెలువరించుట 1959లో మొదలై 1972లో ముగిసినది. అచటి కొండసీమల తంత్రీవాద్య బృందములకు ప్రాణమైన బాంజో కూడ మొదట బుఱ్ఱవాద్యమే. బానిసలుగా తేబడిన ఆఫ్రికావారి చేతులలో పుట్టినది. 1920లలో గ్రామఫోను కంపెనీలు నల్లవారి పాటలను ఒక పట్టికలోను, తెల్లవారి పల్లెపాటలను వేఱొక పట్టికలోను అమ్మినవి. బాంజో ఎవరిదో జనము మఱచుటకు ఆ విభజన కొంత కారణమైనది. హ్యారీ స్మిత్ 1952లో ఆనాటి రికార్డులనుండి 84 పాటలను ఏర్చి కూర్చినపుడు గాయకుల జాతిని చెప్పనేలేదు. వినువాడు చెవితోనే తేల్చుకొనవలెను. మాకు ఆ పద్ధతి మిక్కిలి నచ్చినది.

1882లో హతుడైన జెస్సీ జేమ్స్ అను దోపిడీకానిని అచటి పాట పేదల పాలిటి దాతగా నిలిపినది. చరిత్రకారులు దీనిని సమర్థింపరు. పాటకు ఆ చింత లేదు. ఐతే ఆ రికార్డు ఒక ప్రక్క మూడు నిమిషములకు మించి పట్టదు. దీర్ఘమైన కథాగేయములు అందులో ఇముడుటకు కుదించుకొనవలసివచ్చినవి.

మన నాట జరిగినదియు అట్టిదే. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలమునకు చెందిన దర్శనం మొగులయ్యగారు 2021లో ‘భీమ్లా నాయక్’ చిత్రపు పాట మొదట కొన్ని పాదములు పాడి, పన్నెండు మెట్ల కిన్నెరను లక్షలమందికి వినిపించిరి. 2022లో వారికి పద్మశ్రీ లభించినది. ఆ గౌరవము తగినదే, ఆలసించి వచ్చినది. కాని ఆ కొన్ని పాదములే కిన్నెరపాట యని తలచువారు పెక్కురైరి. సాయన్న కథ నిడివి వారి చెవికి సోకలేదు.

కావున ఇకమీద కథాగేయమును పరిష్కరించువారు మెట్ల సంఖ్యను, శ్రుతిని, గాయకుడు ఆగిన తావులను, కిన్నెర ఒంటరిగా పలికిన తావులను పాఠమునందే గుర్తింపవలెను. వీని నన్నిటిని గుర్తించుట శ్రమయే. ఒక్క రాత్రి పాటకు నెలల పని పట్టును. మా పాత ప్రతిలో కొట్టివేసిన పాదములు గీతల క్రింద ఇంకను చదువ వీలుగానే యున్నవి. మొదట వానిని యథాస్థానములలో నిలిపి, ఆ ప్రతిని మరల కిన్నెరగాని యెదుట చదివింపదలచితిమి.