ఒక్క మూలప్రతి, ఎన్నో రూపాలు

సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన పుస్తకం ఒకటి చెప్పి, తెర మీది హెల్ప్ మరొకటి చెబితే వాడేవాళ్లు దేన్ని నమ్మాలి? ఒకే సంగతిని రెండు చోట్ల రాసి పెట్టుకుంటే ఎప్పటికైనా ఈ తంటా తప్పదు. ఒకచోట దిద్దిన చెయ్యి రెండోచోట మరిచిపోతుంది. అందుకే సాంకేతిక రచయితలు ఒకే మూలప్రతి నుంచి పుస్తకాన్నీ ఆన్‌లైన్ హెల్ప్‌నూ తీసే పద్ధతిని అలవరచుకున్నారు.

దీనికి పునాది 1969లో ఐబీఎంలో పడింది. చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ రూపొందించిన జీఎంఎల్ అనే గుర్తుల భాష‌లో రచయిత అక్షరాల సైజు గురించి రాయడు. ఇది శీర్షిక, ఇది జాబితా అని మాత్రమే గుర్తు పెడతాడు. ఎలా కనిపించాలన్నది తర్వాత ప్రోగ్రాం చూసుకుంటుంది. ఆ ఆలోచనే 1986లో ఎస్‌జీఎంఎల్ పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది, 1998లో ఎక్స్ఎంఎల్‌కు దారితీసింది.

ఈ పద్ధతి పనితనం చూడాలంటే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టు తన మాన్యువళ్లకు వాడే టెక్సిన్ఫో అనే రచనా విధానం మంచి ఉదాహరణ. ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ మాన్యువల్ అందులోనే రాశారు. అదే ఫైలును డొనాల్డ్ క్నూత్ సృష్టించిన అచ్చుకూర్పు ప్రోగ్రాం టెక్‌కు ఇస్తే పుస్తకం పేజీలు వస్తాయి; మరో ప్రోగ్రాం మేక్‌ఇన్ఫోకు ఇస్తే తెర మీద చదివే రూపం వస్తుంది. మరో విభాగాన్ని చూడమని రచయిత ఒక్క ఆదేశం రాస్తే చాలు. అచ్చులో అది పేజీ నంబరవుతుంది, తెర మీద లింకవుతుంది. పుస్తకానికే చెందిన మాటలనూ తెరకే చెందిన మాటలనూ విడిగా గుర్తించి పెట్టే వీలూ ఉంది.

ఐబీఎంలో పుట్టి 2005లో ఒయాసిస్ అనే ప్రమాణాల సంస్థ ఆమోదం పొందిన డిటా అనే పద్ధతి ఇంకో అడుగు వేసింది. అందులో రాత అధ్యాయాలుగా కాక టాపిక్‌లుగా సాగుతుంది: విషయాన్ని వివరించేవి, పని చేసే తీరు చెప్పేవి, వివరాలు వెతికి చూసుకునేవి. వాటి వరుసను మ్యాప్ అనే వేరే ఫైలు నిర్ణయిస్తుంది. ఒక హెచ్చరికను ఒకేచోట రాసి, కావలసిన ప్రతి టాపిక్‌లోకీ రప్పించుకోవచ్చు.

అయితే సాధనం కన్నా కలానికి పెట్టుకునే కట్టుబాటే కష్టం. ‘పైన చెప్పినట్టు’, ‘తర్వాతి పేజీలో’ అన్న మాటలు వదులుకోవాలి. సెర్చ్ ద్వారా నేరుగా వచ్చిన పాఠకుడికి పైనా కిందా ఏమున్నాయో తెలియదు. అలాగని మరీ ముక్కలు చేస్తే పుస్తకం అతుకుల బొంతలా తయారవుతుంది. అధ్యాయానికో పరిచయం రాసి ఆ ముక్కలను కలపాల్సిందే.

తెలుగులో మరో జాగ్రత్త కావాలి. వాక్యంలో వస్తువు పేరును మాత్రమే మార్చుకుందామంటే కుదరదు. ‘ఫోనుకు’ అన్నచోట ‘యంత్రం’ పెడితే అది ‘యంత్రానికి’ కావాలి. కాబట్టి మాటను కాక పూర్తి వాక్యాన్నే పంచుకోవాలి.

పది పేజీల కరపత్రానికి ఇంత ఏర్పాటు అక్కర్లేదు. మోడళ్లు, వెర్షన్లు, అనువాదాలు పెరిగే చోట మాత్రం దీని విలువ తెలుస్తుంది: తప్పు ఒక్కచోట దిద్దితే అన్ని రూపాల్లోనూ దిద్దుబాటు అవుతుంది, మారని టాపిక్‌ను మళ్లీ అనువదించే పని ఉండదు. ఈ దారి పట్టదలచినవాళ్లు సాఫ్ట్‌వేర్ కొనడానికి ముందు, తమ పత్రాల్లో ఏ సంగతి ఎన్నిచోట్ల రాసి ఉందో లెక్క తీయాలి.