అఖ్తర్ ఎటు పోయాడు?

2023 మార్చిలో 'నాటు నాటు' పాటకు ఆస్కార్ వచ్చినప్పుడు మేమూ సంతోషించాం. ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో, పులివెందులలో ఇంట్లో తురకం, వీధిలో తెలుగు మాట్లాడే వాళ్ళం మేం. ఇంట్లోనూ తెలుగే మాట్లాడే దూదేకుల వాళ్ళం కూడా మేమే. కీరవాణి బాణీ, చంద్రబోస్ మాట మావి కావని ఎవరంటారు? కానీ పండగ ముగిశాక ఒక ప్రశ్న మిగిలింది. ఆ పాటలో ఆడిందెవరు?

కథ ప్రకారం ఆ విందులో ఆడేనాటికి కొమరం భీం తన అసలు పేరు బయటపెట్టలేదు. రామరాజుకు అతను అఖ్తర్. ఢిల్లీలో ఒక ముస్లిం ఇంట తలదాచుకున్న మెకానిక్. అంటే ప్రపంచమంతా చప్పట్లు కొట్టిన ఆ అడుగులు కథలో అఖ్తర్ పేరు మీదే పడ్డాయి. తర్వాత భీం బయటపడతాడు, అఖ్తర్ మాయమవుతాడు. ఆశ్రయమిచ్చిన ఇల్లు కథలో వెనకబడిపోతుంది. చివరికి రామరాజు కాషాయం కట్టి, విల్లు పట్టి శ్రీరాముడిలా నిలబడతాడు. స్నేహం మొదలవడానికి టోపీ కావలసి వచ్చింది. గెలుపు దగ్గర దాని అవసరం లేకపోయింది.

మారువేషమే తప్పని మేం అనడం లేదు. సినిమాకు రావలసిన మెప్పు కూడా ఇస్తాం. చరిత్రలో భీం పోరాడింది నిజాం సర్కారుతో. 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. సినిమా ఆ పోరాటాన్ని తెల్లవాళ్ళ మీదికి మళ్ళించింది. ఈ రోజుల్లో ముస్లింను తెరమీద శత్రువుగా నిలబెట్టడం ఎంత సులువో తెలుసు గనక ఆ మేలు గుర్తుంచుకుంటాం. కానీ శత్రువు కాకపోవడం వేరు, మనిషి కావడం వేరు. చివర్లో జెండా మీద రాసిన 'జల్ జంగల్ జమీన్'లో జమీన్ మా ఇంటి మాటే. మాట మిగిలింది, మాట్లాడేవాడు లేడు.

ఆ కాస్త వేషాన్ని కూడా కొందరు ఓర్చుకోలేకపోయారు. 2020 అక్టోబరులో టీజర్‌లో భీం తలమీద టోపీ కనబడగానే బెదిరింపులు మొదలయ్యాయి. వేసుకుని తీసేసే టోపీకే ఇంత గొడవైతే, తీయకుండా బతికేవాడి సంగతేమిటి?

ఆ ఏడాది భారతదేశం తరఫున ఆస్కార్‌కు వెళ్ళింది ఆర్ఆర్ఆర్ కాదు, గుజరాతీ సినిమా 'ఛెల్లో షో'. మన సినిమాను పంపలేదని తెలుగునాట చాలామంది నొచ్చుకున్నారు. నొచ్చుకునే ముందు ఆ సినిమాను ఒకసారి చూడాల్సింది. అందులో ఫజల్ అనే ముస్లిం ఉన్నాడు. సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడుపుతాడు. ఒక పిల్లవాడు తన అమ్మ కట్టిచ్చిన అన్నం ఫజల్‌కు పెట్టి, ప్రొజెక్టర్ గదిలోంచి సినిమాలు చూస్తాడు. డిజిటల్ యంత్రాలు రాగానే ఫజల్ పని పోతుంది. ఇంతే కథ. ఫజల్ దేశభక్తి నిరూపించుకోడు, ఎవరి కోసమో ప్రాణమివ్వడు. కడుపునిండా తింటాడు, పని పోతే దిగులుపడతాడు. ఫజల్ లాంటివాళ్ళు మాకు కొత్త కాదు. మా ఊళ్ళ హాళ్ళలో రీళ్ళు మార్చినవాళ్ళలో, గోడలకు పోస్టర్లంటించినవాళ్ళలో మావాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మీద తెలుగులో ఒక్క సినిమా చూపించండి.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ పోటీ విభాగానికి అప్పటిదాకా ఉన్న పేరు 'విదేశీ భాషా చిత్రం'. 'విదేశీ' అన్న మాటకు కాలం చెల్లిందని అకాడమీ 2019లో దాన్ని 'అంతర్జాతీయ చిత్రం' అని మార్చింది. 1986లో విశ్వనాథ్ 'స్వాతిముత్యం' భారతదేశం తరఫున వెళ్ళింది ఆ పాత పేరున్న విభాగానికే. అమెరికావాడు పరాయి అనే మాట వదులుకున్నాడు. మన తెలుగు సినిమా వదులుకుందా?

మేం రెండు విధాల పరాయివాళ్ళం. సీమవాళ్ళం గనక ఒకసారి, సాయిబులం గనక ఇంకోసారి. 1999లో 'సమరసింహారెడ్డి', 2002లో 'ఇంద్ర' ఆడాక సీమ అంటే బాంబులూ వేటకొడవళ్ళే అయ్యాయి. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళు గానీ, జమ్మలమడుగు పక్కన గండికోటలో ఒకే ప్రాకారం లోపల నిలిచిన గుడీ మసీదూ గానీ ఆ కథలకు అక్కర్లేదు. ఇక సాయిబు వస్తే 'నిమ్మళ్కీ, నమ్మళ్కీ' అంటాడు, హాలు నవ్వుతుంది. మా నోటి తెలుగు అలా ఉండదని ఆ నవ్వేవాళ్ళకు తెలియదా? పక్కింట్లోనే ఉన్నాం కదా.

చేయలేక కాదు. విభజన తర్వాత ఆగ్రాలో ఒక ముస్లిం కుటుంబం పడిన వేదనను సత్యు 'గరం హవా'గా తీస్తే, 1974లో దాన్నే దేశం ఆస్కార్‌కు పంపింది. 2025లో పంపిన 'హోమ్‌బౌండ్' ఒక ముస్లిం, ఒక దళిత యువకుడి స్నేహం. ఆ కుర్రవాళ్ళలో ఎవరూ వేషం కాదు.

మా జిల్లా సంగతి చూడండి. ఉగాదినాడు ముస్లింలు దేవుని కడప వెంకన్న గుడికి వెళ్తారు. 2024 నవంబరులో ఆ రామరాజు పాత్రధారి రాంచరణే అయ్యప్ప మాలతో కడప అమీన్ పీర్ దర్గాకు వచ్చాడు. దాన్నీ తప్పుపట్టారు. అయినా వచ్చాడు. మాలలో ఉన్నవాడు మాల తీయకుండానే మా గడప తొక్కాడు. మేం అడిగేది కూడా అదే. టోపీ ఉన్నవాణ్ణి టోపీ తీయించకుండా చివరి రీలు దాకా రానివ్వండి.

అవార్డు వస్తుందో రాదో తర్వాత సంగతి. ముందు అఖ్తర్‌ను వెతికి తీసుకురండి.